ఏడో మంచానికి ఫోను

నేల తుడిచే కర్ర గోడకి ఆనించి,
మోచేతులదాకా కడుక్కుని,
గౌను తొడుక్కుని, వెనక ముడి ఎవరిచేతో వేయించుకుని
టాబ్ అందుకుంటాను.
సోహార్‌లో ఆరు. వాళ్ళ ఊళ్ళో ఏడున్నర.

నా ఉద్యోగం ఇది కాదు.
జిన్సీ సిస్టర్‌కి మలయాళం, అరబ్బీ, కాస్త హిందీ.
ఏడో మంచం వాళ్ళకి తెలుగొక్కటే.
"సునందా, నీ భాష!" అని కేకేసింది మొదటిరోజు,
నేను పారేసుకున్న వస్తువేదో దొరికినట్టు.

పోర్టులో పరంజా మీంచి పడ్డాడు లింబాద్రి.
తొమ్మిది రోజులు.
నోట్లో గొట్టం, మెడకి పట్టా.
ఊపిరి అతనిది కాదు, పక్కనున్న పెట్టెది.
అదే తీస్తుంది, అదే వదుల్తుంది,
ఒక్కసారీ తడబడదు.

తెర వెలిగింది.
ముందు బల్బు, తర్వాత చాట,
చాటలో తునికాకు, కత్తెర, దారపుండ,
ఆ తర్వాత గంగామణి.
ఫోను డబ్బాకి ఆనించి బీడీలు చుడుతూనే మాట్లాడుతుంది.
వేళ్ళు ఆగితే ఏడుపొస్తుందని
నాకు మూడోరోజుకి గాని తెలియలేదు.

"మొఖం వద్దక్కా. ఆ గొట్టాలల్ల మా ఆయన లేడు.
కాళ్లు సూపియ్యి."
దుప్పటి తొలగించాను.
ఎడమ బొటనవేలికి గోరు సగమే.
"ఆఁ, గదే. పలుగు పడ్డది. ఈయననే."
రోజూ సరిచూసుకుంటుంది,
రేషన్ షాపులో వేలిముద్ర పడిందో లేదో చూసినట్టు.

ఇక చెవి దగ్గర పెట్టమంటుంది.
దేవుడి పేరేదో చెబుతుందనుకున్నాను నేను.
"ఇంటున్నవా? బోరు మోటరు కాలింది.
మెకానిక్ నాలుగు వేలంటుండు. ఇయ్యాల్నా, వద్దా?
సోమారం చిట్టి పాట. నేనెట్ల పాడాలె ఒక్కదాన్ని?
ఎన్నడన్న అడిగినదానికి జవాబిచ్చినవా నువ్వు,
ఇయ్యాల ఇస్తవు!"

మానిటర్ మీద పచ్చ అంకె
డెబ్భై ఎనిమిది నుంచి తొంభై ఒకటికెక్కింది.
జిన్సీ మందు సూది చూపించి, దానివల్ల కావచ్చంది.
కావచ్చు.
గంగామణికి తొంభై ఒకటి సంగతే చెప్పాను.
మందు సంగతి నాకు తెలుగులో రాలేదు.

"అక్కా, జెర నీ చెయ్యి పెట్టు నుదుటి మీద.
నాదే అనుకుంటడు."
రబ్బరు తొడుగుతోనే పెట్టాను.
ఆమె చేతికి పదిహేనేళ్ళ పొగాకు వాసన ఉండుంటుంది.
నా చేతికి స్పిరిట్ వాసన.
మోసపోతాడా ఇతను?
పోతే బాగుండును.

రాజోలులో మా అన్న పోయిననాడు
మస్కట్‌లో ఎవరింట్లోనో చేపలు కడుగుతున్నాను నేను.
నాకెవరూ తెర పట్టలేదు.
ఆ లెక్క ఇక్కడ తీర్చుకుంటున్నానని కాదు,
చెయ్యి నొప్పెడితే మాత్రం గుర్తొస్తుంది.

తల్లి భుజం మీంచి అక్షిత్ తొంగిచూశాడు. నాలుగేళ్ళు.
వాడు కడుపులో ఉండగానే విమానమెక్కాడు లింబాద్రి.
వాడికి నాన్నంటే ఎప్పుడూ ఇంతే,
సాయంత్రం పూట జానెడు వెలుగు.
మంచమూ గొట్టాలూ చూసి జడుసుకోలేదు.
కాసేపు చూసి, తేల్చేశాడు:
"అమ్మా, నాన్న ఫోను హ్యాంగయింది.
కట్ జేసి మళ్ల చెయ్యే."

వేళ్ళు ఆగాయి.
సగం చుట్టిన బీడీ విడిపోయి
పొగాకు ఒళ్ళో రాలింది.

పన్నెండు నిమిషాలయ్యాయి.
నల్లద్దం అవతలినుంచి సన్నగా మగ్రిబ్ బాంగు.
రేపు ఆరుకి, అన్నాను. ఆర్పాను.
తెరని స్పిరిట్‌తో తుడిచాను,
వాళ్ళ ముఖాలున్నచోట కొంచెం మెల్లగా.

చార్జరుకి తగిలించేలోపే
మోగింది.
వాడే అయ్యుంటాడు.

జిన్సీ నావైపు చూసింది, గడియారం వైపు చూసింది,
మూడో మంచం సెలైన్ సరిచేయడానికి అటు తిరిగింది.
మళ్ళీ కడుక్కోవాలి మోచేతులదాకా.
మోగుతూనే ఉంది.
కడుక్కుంటున్నాను.